జొన్నల డ్రమ్ములో కొలబద్ద

కోసిగి తిమ్మయ్యకు అనుమానం పుట్టింది నెలలో ఇరవయ్యో తేదీన, సంగటి ముద్ద చేతిలో ఉండగా. కడప శివారులోని బండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చి, కాళ్ళకంటిన రాతిబురద కడుక్కొని, పీట మీద కూర్చొని, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"నూనె అయిపోయుంటాదే?"

"ఉండాది," అన్నది గురమ్మ.

"చింతపండు?"

"ఉండాది."

"జొన్నలు?"

"ఉండాయి లేయ్యా. ముందు తిను."

ముద్ద నోటి దాకా పోయి ఆగింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఇరవయ్యో తేదీ దాటాక తన ఇంట్లో మూడు వస్తువులు వరసగా ఉండటం తిమ్మయ్య ఎన్నడూ ఎరగడు. "లేదు" అంటే ఏం చేయాలో అతనికి బాగా తెలుసు. అంగడాయనకు చెప్పాల్సిన కత ఒకటి, కూతురికి చెప్పాల్సిన కత ఒకటి, తన కడుపుకు తానే చెప్పుకోవాల్సిన కత ఇంకొకటి, అన్నీ సిద్ధంగా పెట్టుకున్నవే. "ఉండాది" అన్న మాటకే అతని దగ్గర జవాబు లేదు.

కతలకు లోటులేని మనిషి అతను. ఫ్యాక్టరీలో మిషన్లు ఆపి టీ తాగే వేళకు అందరూ అతని చుట్టూ చేరేవాళ్ళు. "మా కోసిగి బావిలో బొక్కెన ఏస్తే, అది నీళ్ళకు తగిలే లోపల తాడు నెరిసిపోయేదప్పా," అనేవాడు. "ఒక యేడు మబ్బొకటి మా టేషన్ దాకా వచ్చింది. బోర్డు మీద పేరు సదువుకోని, తప్పు ఊరికొచ్చినానే అనుకోని, అదే బండికి ఎనక్కి పోయింది." అందరూ నవ్వేవాళ్ళు. అతను మాత్రం నవ్వకుండా టీ ఊదుకునేవాడు.

నవ్వుల సంగతి అటుంచితే, వాటి అడుగున ఉన్నది నిజమే. ఆ మబ్బు అటే పోయిన సంవత్సరాల్లో అతని సొంతూరు కోసిగి జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే ఊరు విడిచి, ఎక్కడ పని ఉంటే అక్కడికి నెలల తరబడి పోవడం. అదెట్లా మొదలవుతుందో ఆ ఊర్లో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. ముందు మేస్త్రీ వస్తాడు. మగవాళ్ళ చేతిలో పెడితే అవి సారాయంగడి చేరతాయని, అడ్వాన్సు దుడ్లు ఆడవాళ్ళ చేతిలోనే పెడతాడు. ఇక వారం పది రోజులు ఇంట్లో అన్నీ ఉంటాయి. నూనె ఉంటుంది, బెల్లం ఉంటుంది. పొయ్యి మీద ఎండు రొట్టెలు దొంతరలుగా లేస్తాయి. ఒకనాడు మూటలు లేస్తాయి. వాకిలికి ముళ్ళకంప కొడతారు. ఊర్లో ఉండిపోయే నాలుగైదు ఇళ్ళవాళ్ళు దారి బుత్తి, అంటే దారిలో తినే తిండి మూట, కట్టి చేతికిస్తారు. రైలు వస్తుంది. అంతే. ఒకసారి అడ్వాన్సు ముట్టిన చెయ్యి మళ్ళీ వెనక్కి తిరగదు. జ్వరమొచ్చినా పోవాల్సిందే, బాలింత అయినా పోవాల్సిందే.

తిమ్మయ్య ఇరవై ఏళ్ళు అట్లా పోయినవాడే. మేస్త్రీ పెద్ద ఈరన్న చెప్పుల చప్పుడు వినిపిస్తే కోసిగిలో మూటలు వాటంతటవే ముడి వేసుకునేవని అతను ఫ్యాక్టరీలో చెప్పే మాట, పూర్తిగా అబద్ధం కాదు.

అందువల్ల ఇంట్లో అన్నీ ఉన్నాయంటే అతని లెక్కలో అర్థం ఒక్కటే. గురమ్మ ఈరన్న దగ్గర అడ్వాన్సు తీసుకుంది.

ఆ లెక్కతో అతను సంగటి ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టాడు. ఎందుకంటే ఇప్పుడు పోవడానికి లేదు. ఏడాదిన్నర కిందట ఫ్యాక్టరీ యజమాని రామకోటయ్య శెట్టి అతన్ని రోజుకూలి నుంచి నెలజీతానికి మార్చాడు. మూడు వేలు. ఒకటో తేదీన కవరులో పెట్టి, అడగకముందే ఇస్తాడు. మొదట్లో తిమ్మయ్య శెట్టిని కూడా అనుమానించాడు. అడగకుండా దుడ్లు ఇచ్చే మనిషికి తలలో ఏదో తిరకాసు ఉండాలి, లేకపోతే కవరులో ఉండాలి. ఆరు నెలలపాటు ప్రతి నోటునూ ఎండకు పెట్టి చూశాడు. నోట్లు మంచివే. శెట్టి కూడా మంచివాడేనేమో అని ఏడో నెలలో సగం ఒప్పుకున్నాడు.

దానికంటే పెద్ద సంగతి, కూతురు శివాని. సుగ్గి పేరు చెప్పి ఆ పిల్లను మూడుసార్లు మధ్యలో బడి మాన్పించారు. నాలుగో తరగతి రెండు ఊళ్ళలో చదివింది. ఆరో తరగతి ఏ ఊర్లో చదివిందో ఎవరికీ గుర్తులేదు. కడపకొచ్చాక నిలిచి చదివి, ఇప్పుడు పదో తరగతిలో ఉంది. మార్చిలో పరీక్ష. ఇప్పుడు మూట లేస్తే ఆ పిల్ల చదువు ఇంకెక్కడా నిలవదు. శెట్టి కూడా పోయిన మనిషి కోసం మిషను ఖాళీగా పెట్టుకొని కూర్చోడు.

గురమ్మను నేరుగా అడగొచ్చు కదా అంటే, అక్కడే ఉంది చిక్కు. అడిగితే ఆమె అబద్ధం చెప్పదు. "అవును, తీసుకున్నా" అన్నదంటే అది ఖాయమైపోతుంది. అడగనంతసేపు, కాకపోయి కూడా ఉండొచ్చు. ఆ కాకపోవడాన్ని పట్టుకొని తిమ్మయ్య వేలాడాడు. అడగకుండా తెలుసుకోవాలని తీర్మానించుకున్నాడు.

మరుసటి రోజు ఫ్యాక్టరీ నుంచి, బండలు కొలిచే పాత కొలబద్ద ఒకటి చంకలో పెట్టుకొని వచ్చాడు. మూడడుగుల చెక్క. అంగుళాల గీతలు సగం అరిగిపోయినా పని చేస్తుంది. గురమ్మ వీధి కొళాయి దగ్గరికి పోయిన సందులో జొన్నల డ్రమ్ము మూత తీసి, కొలబద్ద అడుగు దాకా దించాడు. పద్నాలుగు అంగుళాలు. మూత పెట్టి, కొలబద్దను తలుపు వెనక దాచి, ఏమీ ఎరగనట్టు గడప మీద కూర్చున్నాడు.

ఇరవై రెండున పదమూడు. ఇరవై మూడున పన్నెండున్నర. బాగానే ఉంది, తింటే తగ్గాలి, తగ్గుతున్నాయి. తనే పొరబడ్డానేమోనని కొంచెం తేలికపడ్డాడు.

ఇరవై నాలుగున డ్రమ్ములో జొన్నలు పెరిగాయి.

తిమ్మయ్య కొలబద్ద బయటికి తీసి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ దించాడు. పందొమ్మిది అంగుళాలు. డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగాడు. కింద ఇటుక ఏమన్నా పెట్టిందా అని వంగి చూశాడు. ఇటుక లేదు. జొన్నల్లోకి చేయి పెట్టి మోచేతి దాకా పోనిచ్చాడు. నిజమైన జొన్నలే. కొత్తవి, నందికొట్కూరు వైపు నుంచి వచ్చే తెల్ల గింజ. జీతానికి ఇంకా వారం ఉండగా, నెలాఖరులో, కొత్త జొన్నలు.

తడి బిందె చంకన పెట్టుకొని గురమ్మ గుమ్మంలోకి వచ్చింది. అతని మోచేతికి తెల్లటి పొట్టు అంటుకొని ఉంది.

"ఏమయ్యా, జొన్నల్లో దేవులాడుతాండావు?"

"పురుగు పట్టిందేమోనని."

"పట్టిందా?"

"యాడ. ఎంత ఎతికినా కనపడలే."

"కనపడదు లే," అని ఆమె బిందె దించింది. ఆ 'లే' తిమ్మయ్యకు ఏమాత్రం నచ్చలేదు.

ఆ సాయంత్రం కూతురిని పట్టుకున్నాడు. శివాని గోడకు ఆనుకొని లెక్కలు చేసుకుంటోంది.

"పాపా, మీ యమ్మ నీతో ఏమన్నా చెప్పిందా?"

"ఏం గురించి నాయనా?"

"ఏం గురించైనా. ఊరికే."

"పరీక్ష ఫీజు కట్టింది. గడువు ఇంగా పది రోజులుండగానే. మా క్లాసులో మొదట కట్టింది నేనే," అని ఆ పిల్ల మురిసిపోయింది.

తిమ్మయ్య మురవలేదు. గడువు దాటాక, అపరాధ రుసుముతో, హెడ్మాస్టరు కాళ్ళావేళ్ళా పడి కట్టేది కదా ఫీజు అంటే. పది రోజులు ముందుగా కట్టడమేమిటి. ఆలోచించాడు. పిల్లను ఇక్కడే ఎవరింట్లోనో వదిలి, తామిద్దరూ పోయేటట్టు ఏర్పాటు చేస్తోందన్నమాట. ఎవరింట్లో? పక్కింటి విశ్వాసమ్మ ఇంట్లో. ఇంకెవరున్నారు.

విశ్వాసమ్మ ఆ వరసలో చివరి గదిలో ఉంటుంది. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసనతో చెప్పగలదు, వాసన లేకపోయినా చెప్పగలదు. శనివారం పొద్దున తిమ్మయ్య ఆమె గడప దగ్గర ఆగి, చెప్పులో రాయి దూరినట్టు చెప్పు విప్పి దులిపాడు.

"ఏమప్పా తిమ్మయ్యా, నాలుగు రోజుల నుంచి నీ చెప్పులోనే పడతాండాయే రాళ్ళన్నీ," అన్నది విశ్వాసమ్మ.

"బండల ఫ్యాక్టరీ గదక్కా."

"అడుగు నాయనా, ఏం కావాలో. నాకు మళ్ళా పొయ్యి మీద బువ్వ ఉండాది."

"మా ఆడమనిషి నీతో ఏమన్నా అనిందా అని."

విశ్వాసమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించినా రెండిళ్ళ అవతలికి వినిపిస్తుంది. "అనలేదు గానీ, మొన్న కిరాణా అంగడి కాడ రూపాయి డబ్బాలో ఫోన్ మాట్లాడుతాంటే ఇన్నా. నేను ఇనాలని ఇనలే, ఉప్పు కోసం నిలబడినా. ఈరన్నా, ఈరన్నా అనింది. ఎంతమంది అనడిగింది. పద్నాలుగు మందా అనింది. సోమవారం పదకొండు గంటల బండే గదా, మళ్ళా మారదు గదా అనింది. మూడు రూపాయలు ఏసింది డబ్బాలో. నీకెవరప్పా ఈరన్న, బంధువా?"

"బంధువే," అన్నాడు తిమ్మయ్య. "శానా దగ్గర బంధువు. ఇడిపించుకోలేం."

ఆ రోజు ఫ్యాక్టరీలో అతను కత చెప్పలేదు. ఒంట్లో బాగాలేదేమోనని శెట్టి వచ్చి నుదురు మీద చేయి పెట్టి చూసిపోయాడు. ఇంత మంచితనం కూడా మంచిది కాదని తిమ్మయ్య మనసులో అనుకున్నాడు. పోగొట్టుకునేటప్పుడు ఏడుపొస్తుంది.

ఆదివారం సెలవు. పొద్దున్నుంచి గురమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. టప్, టప్, టప్ అని రొట్టె తట్టే చప్పుడు. పెనం మీద కాల్చిన రొట్టెను నిప్పుల పక్కన నిలబెట్టి, అప్పడంలా అయ్యేదాకా ఎండనిస్తోంది. ఆ ఎండు రొట్టె నెలైనా చెడదు. రైల్లో కూర్చొని శెనక్కాయల పొడి అద్దుకొని తినడానికి తప్ప ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరూ దాన్ని చేసుకోరు. మధ్యాహ్నానికి దొంతర తిమ్మయ్య మోకాలి దాకా లేచింది. సాయంత్రానికి పక్కనే ఇంకో దొంతర. రోట్లో శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి దంచుతుంటే ఆ ఘాటుకు వీధంతా తుమ్మింది. తిమ్మయ్యకు మాత్రం ముక్కులో కోసిగి రైల్వే స్టేషన్ వాసన కొట్టింది.

"ఎవరికే ఇన్ని రొట్టెలు?" గొంతు తేలికగా ఉండేటట్టు చూసుకున్నాడు.

"తినేవాళ్ళకు."

"మనం ముగ్గురమే గదా."

"ముగ్గురమే. నాకేమన్నా లెక్క రాదా?" అని ఆమె ఇంకో ముద్ద తీసుకుంది. పెదవి చివర నవ్వు ఉందో లేదో పొగలో అతనికి సరిగా కనపడలేదు.

సోమవారం మామూలుగానే ఫ్యాక్టరీకి బయలుదేరాడు. పోయి, కడుపునొప్పి అని శెట్టికి చెప్పి, వెనక్కి వచ్చి వీధి చివర సైకిల్ షాపు చాటున నిలబడ్డాడు. పది గంటలకు గురమ్మ బయటికొచ్చింది. పెళ్ళిలో కట్టుకున్న జరీ అంచు చీర, నెత్తిన పెద్ద మూట. ఆటోను చేయెత్తి ఆపింది.

ఆటోను ఆపింది. బస్టాండు దాకా కూడా నడిచే మనిషి. చేతిలో దుడ్లు ఆడకపోతే ఆటో ఎక్కుతుందా? తిమ్మయ్యకు వెనకాల ఇంకో ఆటో ఎక్కక తప్పలేదు. పెళ్ళాన్ని అనుమానించడానికి కూడా ఐదు రూపాయలు అవుతాయని అతనికి ఆ రోజే తెలిసింది.

రైల్వే స్టేషన్లో ఆమె నేరుగా టికెట్ల కిటికీ దగ్గరికి పోయింది. చిల్లర ఇచ్చింది, టికెట్టు తీసుకుంది, మూటెత్తుకొని లోపలికి పోయింది. ఒక్క టికెట్టు. ఇద్దరూ కాదు, తనొక్కతే పోతోందన్నమాట. కూతురి పరీక్ష కోసం మొగుణ్ణి ఇంట్లో పెట్టి, తను సుగ్గికి అమ్ముడుపోయింది. ఇది అతను ఇంతవరకూ అనుమానించనే లేదు. ఇన్ని రోజులు అనుమానించి, అసలుదాన్ని వదిలేశాడు.

కిటికీలో తల పెట్టాడు. "సార్, ఇప్పుడు పోయిన ఆయమ్మ యాడికి తీసుకుందో, నాకూ ఆడికే ఒకటియ్యండి."

లోపలి గుమాస్తా అద్దాల మీదుగా చూశాడు. "ఆమె యాడికీ పోదు. ప్లాట్‌ఫారం టికెట్టు. మూడు రూపాయలు."

గుండెల మీది బరువు కొంచెం దిగింది. అయినా పూర్తిగా దిగలేదు. పోదు సరే, మరి ఎందుకు వచ్చింది? ఈరన్న రైల్లో వస్తున్నాడు. అడ్వాన్సు చేతికి ఇక్కడే అందుతుంది. ఈ బండిలో పద్నాలుగు మంది, వచ్చే బండిలో తాము. అంతే, అంతకంటే ఇంకేముంటుంది. మూడు రూపాయలిచ్చి, అతనూ లోపలికి పోయి, బరువు చూసే మిషను వెనక నిలబడ్డాడు. ఎవరో పిల్లవాడు రూపాయి వేస్తే ఆ మిషను రంగు దీపాలు వెలిగించి గిర్రున తిరిగింది. తిమ్మయ్య ముఖం మీద ఎరుపు, పచ్చ, ఎరుపు పడ్డాయి. దాక్కోవడానికి అంతకంటే పనికిమాలిన చోటు కడప స్టేషన్లో ఇంకొకటి లేదు.

పదకొండు గంటల బండి పదకొండున్నరకు వచ్చింది. జనరల్ పెట్టె కిటికీల నిండా తలలు, తలల మధ్య మూటలు. తలుపు దగ్గర నుంచి దిగినవాడు పెద్ద ఈరన్న. జుట్టు నెరిసింది గానీ చెప్పుల చప్పుడు అదే. గురమ్మ అతని ఎదుట నిలబడి ఏదో చెప్పింది. ఈరన్న తలూపి, చొక్కా జేబులోకి చేయి పెట్టాడు.

తిమ్మయ్య ఎప్పుడు పరిగెత్తాడో అతనికే తెలియదు. ఇద్దరి మధ్యలోకి దూరి, ఈరన్న మణికట్టు పట్టుకున్నాడు.

"ఈరన్నా, దుడ్లు బయటికి తియ్యొద్దు. మేము రాము. నేను రాను, ఇది రాదు. నా కూతురు పరీక్ష రాస్తాది. ఇచ్చినవి ఏమన్నా ఉంటే నెలనెలా తీరుస్తా."

ఈరన్న అతన్ని కిందికీ పైకీ చూశాడు. జేబులో నుంచి చేయి మెల్లగా తీశాడు. చేతిలో బీడీ కట్ట ఉంది.

"బీడీ తాగొద్దంటే మానేస్తా గానీ, చెయ్యి ఇడువురా," అన్నాడు. "నిన్నెవరు రమ్మన్యారు? నీకెవరిచ్చినారు అడ్వాన్సు?"

"మరి ఫోన్ చేసింది గదా నీకు."

"చేసింది. ఈసారి మనోళ్ళు మద్రాసు దిక్కు కట్టడం పనికి పోతాండారని ఎవరో చెప్తే, ఎంతమంది, ఏ పెట్టె, ఏ బండి అని అడిగింది. బుత్తి ఇస్తాదంట." ఈరన్న బీడీ నోట్లో పెట్టుకొని, వెలిగించడం మరిచిపోయాడు. "ముప్పై ఏండ్ల నుంచి మనుషుల్ని తోలకపోతాండా. దారి మధ్యలో, టేషన్‌కొచ్చి బుత్తి ఇచ్చినోళ్ళని ఇంతవరకూ చూడలే."

తిమ్మయ్య గురమ్మ వైపు తిరిగాడు. ఆమె అప్పటికే కింద కూర్చొని మూట విప్పుతోంది. లోపల పద్నాలుగు చిన్న మూటలు. పాత చీరలు చించి, ఒక్కొక్కటీ శుభ్రంగా ఉతికి కట్టినవి. ఊర్లో ఉండిపోయే ఇల్లు పోయే ఇంటికి బుత్తి కట్టడం కోసిగిలో ఎప్పటి నుంచో ఉన్నదే. తిమ్మయ్య ఇల్లు ప్రతిసారీ తీసుకునే ఇల్లే. చెయ్యి చాచడం అతనికి తెలుసు. ఇచ్చేవాళ్ళ వైపు నుంచి ఆ పని ఎట్లా ఉంటుందో అతనెన్నడూ చూడలేదు.

"చూస్తా నిలబడితే ఎట్ల? బండి నీకోసం ఆగదు. అందీ," అన్నది గురమ్మ.

అతను అందించాడు. ఒక్కో కిటికీ, ఒక్కో చెయ్యి. కొన్ని చేతులు తెలిసినవే. నాలుగో కిటికీలో ఓబుళేశు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గుడిసెలో మూడు సుగ్గులు చేశారు.

"ఏంరా తిమ్మా, కడప నీళ్ళకు బొజ్జ వచ్చిందే."

"గాలిరా. మా శెట్టి గాలి కూడా నెలకొకసారి కొలిచి ఇస్తాడు."

"ఈసారి ఏం కత చెప్తావు? చెప్పు, దారిలో నవ్వుకుంటాం."

తిమ్మయ్య ఓబుళేశు చేతిలో మూట పెట్టి, ఆ చేతినే కాసేపు పట్టుకున్నాడు. "పోయి రాండి," అన్నాడు. ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ అనే మాట అదే. తనకు ఇరవైసార్లు చెప్పిన మాట.

బండి కూత వేసింది. మెల్లగా కదిలింది. తిమ్మయ్య చేయి కిటికీ కమ్మిని పట్టుకునే ఉంది. బండితో పాటు నడిచాడు. నడక ఎక్కువైంది. అలవాటుకొద్దీ ఒక కాలు మెట్టు వైపు లేచింది. వెనక నుంచి చొక్కా పట్టి ఎవరో లాగారు.

"యాడికి పోతాండావయ్యా. నీ టికెట్టు మూడు రూపాయలదే," అన్నది గురమ్మ.

బండి పోయాక ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. తిమ్మయ్యకు ఆయాసం తగ్గడానికి టీ ఒకటి తాగాల్సి వచ్చింది. టీ దుడ్లు గురమ్మే ఇచ్చింది.

"ఇయ్యన్నీ యాడివే?" అని అడిగాడు చివరికి. ఎనిమిది రోజులుగా అడగాల్సిన మాట.

"నీ జీతమే."

"నా జీతం ఇరవై తేదీకి అయిపోయేది గదా."

"అయిపోయేది. మనం అప్పుడు నెలజీతం తెచ్చుకోని కూలోళ్ళ మాదిరి తింటాంటిమి. చటాకు నూనె, గుప్పెడు బేడలు, ఏ పొద్దుకాపొద్దు అంగడికి ఉరికేది. పొట్లం కట్టిన కాయితానికి కూడా మన దుడ్లే. ఉగాది నుంచి ఒకటో తేదీనే బాడుగ పక్కన పెట్టి, బస్తా జొన్నలు, డబ్బా నూనె, అన్నీ ఒగేసారి తెస్తాండా. అంగడాయన రేటు తగ్గించినాడు. మొదటి రెండు నెలలు శానా బిగబట్టినా. నీకు తెలీదు, కవరు నా చేతికిచ్చి కత చెప్పుకుంటా పోతావు. తరువాత తరువాత మిగలబట్టె. మొదట ఫీజు కట్టినా. ఇంగా మిగిలింది. ఇట్ల మిగిలితే ఏం చెయ్యాలో నాకూ తెలీలే. మూడు రోజులు డబ్బా మూత తీసి చూసుకుంటి. అప్పుడు అనిపించింది, మనం ఈసారి పోలేదు గదా అని. ఆ దుడ్లతోనే బుత్తికి జొన్నలు తెస్తి."

"నాకు చెప్పొచ్చు గదా."

"చెప్తే ఏం చేస్తావు? రేపు ఫ్యాక్టరీలో పద్నాలుగు మూటలు నూటనలభై చేస్తావు. ఎల్లుండికి రైలు నిండా సరిపోతాయి. అది కోసిగి దాకా పోతాది. తీసుకున్నోళ్ళు తలెట్ల ఎత్తుకుంటారయ్యా? మనకిచ్చినోళ్ళు ఎవరన్నా చెప్పుకున్యారా?"

ఎవరూ చెప్పుకోలేదు. కోసిగిలో అంగడి నడిపే సుబ్బమ్మ మూట ఇచ్చి, ముఖం కూడా చూడకుండా లోపలికి పోయేది. అది పొగరనుకునేవాడు తిమ్మయ్య.

తిరిగి నడుచుకుంటూనే వచ్చారు. ఆటో ఒక్కసారికే, మూట బరువుకే అని గురమ్మ ముందే చెప్పింది. వీధి చివర విశ్వాసమ్మ గడప మీద నిలబడి, ఇద్దరినీ చూసి, "దొరికినాడా మీ బంధువు?" అన్నది.

"దొరికినాడు. పంపించి వస్తాండాం," అన్నాడు తిమ్మయ్య. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. విశ్వాసమ్మ వాళ్ళు తలుపు తీసేదాకా అనుమానంగా చూస్తూ నిలబడింది.

లోపలికి రాగానే గురమ్మ తలుపు వెనక చెయ్యి పెట్టి, కొలబద్ద తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంద. పొద్దున్నుంచి కొలవలే గదా, నీకు తోచదు."

"నీకెట్ల తెలుసు?"

"పురుగు ఎతకడానికి మూడడుగుల బద్ద ఏంటికయ్యా? నీకోసరమే జొన్నలు పైన సమంగా సదును చేస్తా వస్తి. గుంతలుంటే లెక్క తప్పుతావని."

తిమ్మయ్య డ్రమ్ము మూత తీసి కొలబద్ద దించాడు. అడుగు తగిలింది. బొటనవేలు గీత మీద పెట్టి, బయటికి తీసి, వాకిలి వెలుతురులో పెట్టి చూశాడు. ఏడంగుళాలు. ఒకటో తేదీ దాకా సరిపోతాయి. ఇంకో నాలుగు రోజులకు మిగులుతాయేమో కూడా. ఈ లెక్క రెండుసార్లు వేసుకున్నాడు. ఈసారి ఎవరి మీదా అనుమానం తేలలేదు. పెరిగినప్పుడు పట్టిన భయం, తగ్గాక ఎక్కడికి పోయిందో కనపడలేదు. తమవి కాబట్టే మూటలు కట్టి రైలుకు ఇవ్వగలిగామని అనుకున్నాడు.

"పన్నెండు అంగుళాలు తగ్గినాయే," అన్నాడు.

గురమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "తగ్గినాయని నవ్వుతాండావేమయ్యా?"

"నవ్వలేదే."

"నవ్వినావు. పోనీ, ఈ మద్యానానికి సంగటి చేయాల్నా, ఎండు రొట్టె తింటావా? నీకోసరం ఒగటి ఎక్కువ కాల్చినా."

తిమ్మయ్య కొలబద్దను గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కోవడానికి బయటికి నడుస్తూ అడిగాడు.

"శెనక్కాయల పొడి ఉండాదా?"

"ఉండాది."

"అయితే రొట్టే పెట్టు," అన్నాడు.